ఆర్సీలో నా పేరు పోయేదాకా

మా వ్యాగనార్ 2014 బండి. నంబర్ ఓడీ 20, అంటే ఒడిశాలో మా గజపతి జిల్లాదే. ఆర్సీ నా పేరు మీద ఉంది. కొత్త కారు అనుకున్నప్పటి నుంచి ఇంట్లో ఒకటే చర్చ: పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయాలా, మనమే అమ్ముకోవాలా?

బరంపురంలో ఒక షోరూమ్ వాళ్లు 1,40,000 ధర కట్టారు, పైన బోనస్ 15 వేలు. మా ఆయన అటే మొగ్గారు. పాత తాళం ఇచ్చి కొత్త తాళం తెచ్చుకోవచ్చు, బేరాల గొడవ ఉండదు. నేను అడిగింది ఒక్కటే, నా పేరు ఎప్పుడు మారుస్తారని. "పార్టీ దొరికాక మారుస్తాం మేడమ్" అన్నారు. 2023 ఏప్రిల్ నుంచి, ఆర్టీవో దగ్గర అనుమతి ఉన్న డీలర్‌కి బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పెడితే, ఆ తర్వాత బాధ్యత డీలర్‌దే. ఆ మాట ఎత్తితే సూటిగా జవాబు రాలేదు.

ఈ పట్టుదలకి కారణం మా నాన్న స్కూటర్. 2009లో తెలిసినతనికి అమ్మి, సంతకాలు పెట్టిన కాగితాలు చేతికిచ్చి ఊరుకున్నారు. మూడేళ్లకి యాక్సిడెంట్ కేసులో నోటీసు నాన్న పేరున వచ్చింది. రిటైరైన మనిషి వాయిదాలకి బస్సెక్కి తిరగడం నేను కళ్లారా చూశాను. రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే ఓనర్, నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఎక్కువ ధర మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రా నుంచి వచ్చింది. పాతపట్నం మాస్టారొకరు 1,85,000 ఇస్తానన్నారు. కానీ బండి రాష్ట్రం మారుతుంది. మా ఆర్టీవో నుంచి ఎన్వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తీయాలి, ఆయన ఆంధ్రాలో లైఫ్ టాక్స్ కట్టి కొత్త నంబర్ వేయించుకోవాలి. "టాక్స్ సంగతి తర్వాత చూసుకుంటానమ్మా, ముందు బండి ఇచ్చేయండి" అన్నారు. మంచి మనిషే. అయినా ఆ "తర్వాత" ఎన్నాళ్లో తెలియక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

చివరికి మా జిల్లాలోనే, కాశీనగర్ నుంచి జీడితోటల పెద్దాయన వచ్చారు. వెనక మ్యాట్ ఎత్తి, తుప్పు ఉందేమోనని రేకుని వేలి కణుపుతో కొట్టి చూశారు. ఆయిల్ పుల్ల తీసి బొటనవేలికి రాసుకుని వాసన చూశారు. ఎడమ తలుపు మీద గీత నేనే చూపించాను. డ్యాష్‌బోర్డు మూల మొదటి పూజనాటి పసుపు మరక ఉంది, తుడవబోతే "ఉండనీ తల్లీ" అన్నారు. 1,72,000కి కుదిరింది.

లోన్ 2019లోనే తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు ఎన్వోసీ, ఫారం 35 పెట్టి అది తీయించడానికే పది రోజులు పట్టింది. అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ముందు ఆ పని చేయించుకోండి. అలాగే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండిది కాదు, మనది. ఇన్సూరెన్స్ వాళ్లని అడిగి లెటర్ తీసుకున్నాను, కొత్త కారుకి మూడేళ్లలోపు వాడుకోవచ్చు.

పేరు మార్పుకి 29, 30 ఫారాలు ఆర్టీవోలో ఇచ్చి, రసీదు వచ్చాకే తాళం ఇచ్చాను. డబ్బు అంతకుముందే బ్యాంకులో పడింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో నంబర్ కొట్టి చూడటమే పని. నిన్న మారింది. అందులో పేరు సగం చుక్కలే, కానీ మొదటి అక్షరం నాది కాదు. నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని నంబర్ అంకె అంకె చదివి, "మన పేరు పోయిందా?" అని రెండుసార్లు అడిగారు.