పాస్‌వర్డ్ మార్చుకున్నవారికే తెరుచుకోని మెయిల్

మన కళాశాల కంప్యూటర్ కేంద్రంలో ఎం.సి.ఏ. చివరి సంవత్సరం విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉండేది. ప్రాజెక్టు పని పేరుతో సర్వర్ గదిలో కూర్చోనిచ్చేవారు. బదులుగా సిస్టమ్స్ మేనేజరు గారికి చేదోడువాదోడుగా ఉండాలి. 2014 సంక్రాంతి సెలవుల్లో, అందరి పేర్లూ పాస్‌వర్డులూ ఉండే కళాశాల డైరెక్టరీ సర్వర్‌ను మార్చినప్పుడు ఆ చేదోడు బృందంలో నేనూ ఉన్నాను. ఆ తరవాత నా ఉద్యోగమంతా మెయిల్ సర్వర్లతోనే సాగింది గనుక, ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు హాస్టల్ కబుర్లు మిగతా మిత్రులకు వదిలేసి, సెలవుల తరవాత కళాశాలలో సగం మందికి మెయిల్ ఎందుకు తెరుచుకోలేదో రాయడమే ఉచితమనిపించింది. కంప్యూటర్ శాఖ కాని పూర్వ విద్యార్థులు కూడా చదువుతారు కాబట్టి కొంచెం వెనక నుంచి చెబుతాను.

మెయిల్ సర్వర్ తన దగ్గర ఎవరి పాస్‌వర్డూ ఉంచుకోనక్కరలేదు. వచ్చినవారి పేరు, పాస్‌వర్డ్ తీసుకుని డైరెక్టరీ సర్వర్‌ను అడిగి, అది ఔనంటే లోనికి రానిస్తుంది. ఆ అడగడానికి వాడే పద్ధతి ఎల్‌డ్యాప్. ఎక్స్.500 అనే బరువైన ప్రమాణానికి తేలికపాటి ప్రత్యామ్నాయంగా అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవెస్, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. తొలి ప్రమాణపత్రం 1993లో, ఇప్పటికీ వాడుకలో ఉన్న మూడో వెర్షన్ 1997లో వచ్చాయి. మన పాత సర్వర్ పేరు 389 డైరెక్టరీ సర్వర్. ఎల్‌డ్యాప్ వాడే పోర్టు నంబరే దాని పేరు. నెట్‌స్కేప్ సంస్థలో మొదలై, ఏఓఎల్ చేతికి వెళ్లి, 2004లో రెడ్‌హ్యాట్ కొన్న సర్వర్ అది. కొత్తగా పెట్టినది 1998లో ప్రారంభమైన ఓపెన్‌ఎల్‌డ్యాప్. రెండింటికీ పుట్టిల్లు ఒకటే: మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాసిన స్లాప్‌డీ ప్రోగ్రాము. అందుకే పాత యంత్రం డిస్కు మొరాయించడం మొదలుపెట్టినప్పుడు, మిగతా సర్వర్లన్నీ డెబియన్ లినక్స్ మీద నడుస్తున్నాయి గదా, డైరెక్టరీని కూడా ఓపెన్‌ఎల్‌డ్యాప్‌గా అటే మార్చేద్దామని మేనేజరు సార్ నిర్ణయించడంలో తొందరపాటేమీ లేదు.

మార్పిడి పని సజావుగానే జరిగింది. పాత సర్వర్‌లోని వివరాలన్నిటినీ ఎల్‌డిఫ్ అనే అక్షరరూప ఫైలుగా తీసి, ఎన్ఎస్‌యూనిక్‌ఐడీ వంటి పాత సర్వర్ సొంత గుర్తులను తొలగించి, స్లాప్‌యాడ్ కమాండుతో కొత్తదానిలోకి ఎక్కించాము. ఎవరు ఏది చదవవచ్చునన్న నియమాలు 389లో ఎంట్రీలలోనే (ఒక్కొక్కరి వివరాల పద్దులలోనే) ఏసీఐల రూపంలో ఉంటాయి. ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో అవి సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ఉంటాయి. కాబట్టి వాటిని మళ్లీ చేత్తో రాయాల్సి వచ్చింది. పాస్‌వర్డులు మాత్రం హ్యాష్ రూపంలో, అంటే పాస్‌వర్డు నుంచి లెక్కకట్టిన ముద్రలుగా, ఉన్నవి ఉన్నట్టే వెళ్లాయి. హ్యాష్ నుంచి అసలు పాస్‌వర్డును నేరుగా రాబట్టలేము గనుక వేరే దారి కూడా లేదు.

కళాశాల తెరిచిన ఉదయం ఫోన్లు మొదలయ్యాయి. కొందరికి మెయిల్ మామూలుగా వస్తోంది, కొందరికి పాస్‌వర్డ్ తప్పంటోంది. ఆఫీసు సూపరింటెండెంటు గారు స్వయంగా సర్వర్ గదికి వచ్చి, "బాబూ, నాకైతే వస్తోంది, మా క్లర్కులకే రావట్లేదు. నా మీద పక్షపాతమా దానికి?" అని అడిగారు. పండగ సెలవుల్లో పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటారన్నది అందరికీ తోచిన మొదటి మాట. పైగా అది నిజమేననిపించే ఆధారం కూడా దొరికింది: ఎవరికి కొత్త పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చినా వారికి వెంటనే లాగిన్ అయ్యేది. రీసెట్ చేస్తే నయమయ్యే జబ్బుకు అసలు కారణం ఎవరూ వెతకరు. అలాగే రీసెట్ చేసుకుంటూ పోయి ఉంటే ఒక వారంలో ఫిర్యాదులు ఆగిపోయేవి. ఏం జరిగిందో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

సార్ అందుకు ఒప్పుకోలేదు. మన మెయిల్ సర్వర్‌లో లాగిన్ చూసేది డవ్‌కాట్. దాని లాగ్‌లో, అంటే అది రాసుకునే చిట్టాలో, పాస్‌వర్డ్ సరిపోలేదన్న మాట తప్ప మరేమీ లేదు. తప్పు డవ్‌కాట్‌దా, డైరెక్టరీదా అని తేల్చడానికి, మెయిల్ యంత్రం మీదనుంచే, డవ్‌కాట్‌ను పక్కనపెట్టి, ఎల్‌డ్యాప్‌హూయామ్‌ఐ కమాండుతో ఒక క్లర్కు గారి చేత ఆయన పాస్‌వర్డ్ ఆయన చేతనే కొట్టించాము. అదే తిరస్కారం. అంటే డవ్‌కాట్ నిర్దోషి. తరవాత ఓపెన్‌ఎల్‌డ్యాప్ సర్వర్ ప్రోగ్రామైన స్లాప్‌డీ లాగ్ స్థాయిని 256కు పెంచి మళ్లీ చూశాము. లాగ్‌లో రెండు వరుసలు వచ్చాయి. ఒకదానిలో ఆయన ఎంట్రీ పేరుతో బైండ్ (డైరెక్టరీలోకి లాగిన్), మెథడ్ 128, అంటే మామూలు పాస్‌వర్డుతో వచ్చిన అభ్యర్థన. రెండోదానిలో ట్యాగ్ 97, ఎర్రర్ 49.

ఈ 49 గురించి కొంచెం ఆగి చెప్పాలి. ప్రమాణంలో దాని అర్థం, చూపించిన ఆధారాలు చెల్లవని. అయితే పాస్‌వర్డ్ తప్పయినా, ఆ పేరుతో ఎంట్రీయే లేకపోయినా, పాస్‌వర్డును సరిచూసే అనుమతి నియమాల్లో లేకపోయినా ఓపెన్‌ఎల్‌డ్యాప్ చెప్పేది 49 ఒక్కటే. కారణాన్ని బట్టి వేర్వేరు నంబర్లు ఇస్తే, బయటివాడు ఊరికే పేర్లు కొట్టి చూస్తూ ఏ పేరు ఉన్నదో, ఏది లేదో కనిపెట్టగలడు. అందుకే ఈ మౌనం కావాలని పెట్టుకున్నది. లాగ్ ముందు కూర్చుని తల పట్టుకునేవాడికి విసుగు కలిగిస్తుంది గాని, ఇది సరైన పద్ధతేనని నా అభిప్రాయం. మరికొన్ని డైరెక్టరీలు కారణాన్ని కొంత బయటపెడతాయి. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ అదే 49 వెనక మరో చిన్న కోడ్ జోడిస్తుంది: 52ఇ అంటే ఆధారాలు తప్పు, 532 అంటే పాస్‌వర్డ్ గడువు తీరింది, 775 అంటే ఖాతాకు తాళం పడింది. నిర్వాహకుడికి అది వరమే. దాడి చేసేవాడికి కూడా అంతే వరం.

సర్వర్ నోరు విప్పనప్పుడు మనుషుల్ని చూడాలి. అనుమతి నియమం తప్పయితే ఒక్కరికీ లాగిన్ కాకూడదు. లాగిన్ పేరు నుంచి ఎంట్రీ పేరు కట్టే మూస తప్పయినా అంతే. కొందరికే అవుతోందంటే ఆ కొందరిలో ఏదో ఉమ్మడి గుణం ఉండాలి. మేము ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి, వచ్చిన ప్రతి ఫోనూ నమోదు చేయడం మొదలుపెట్టాము. శాఖలవారీగా చూస్తే పొంతన కుదరలేదు. ఫోన్‌లో చూసేవారు, వెబ్‌మెయిల్‌లో చూసేవారు అని విడదీసినా కుదరలేదు. చివరికి రెండు సంగతులు కళ్లకు కట్టాయి: మొదటి సంవత్సరం విద్యార్థుల్లో ఒక్కరికీ లాగిన్ కావడం లేదు, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఆచార్యులలో దాదాపు అందరికీ అవుతోంది. సంవత్సరానికోసారి పాస్‌వర్డ్ మార్చుకోండని కంప్యూటర్ కేంద్రం అతికించే నోటీసును ఎవరు ఖాతరు చేయలేదో వారందరూ హాయిగా మెయిల్ చూసుకుంటున్నారు! మాట విని మార్చుకున్నవారు మాత్రం బయట నిలబడ్డారు.

అప్పుడు సార్‌కు గుర్తొచ్చింది. ముందు వేసవిలో పాత సర్వర్ మీద పాస్‌వర్డులు దాచే విధానాన్ని ఆయన ఎస్ఎస్‌హెచ్ఏ నుంచి ఎస్ఎస్‌హెచ్ఏ512కు మార్చారు. భద్రత దృష్టితో అది మంచి నిర్ణయం. మొదటిది 160 బిట్ల ముద్ర, రెండోది 512 బిట్లది. అయితే విధానం మార్చినంత మాత్రాన పాత హ్యాష్‌లు మారవు. ఎవరు పాస్‌వర్డ్ మార్చుకుంటే వారికి ఆ రోజునుంచి కొత్త రూపం వస్తుంది. వేసవి తరవాత చేరిన మొదటి సంవత్సరం వారందరికీ కొత్త రూపమే.

ఇది ఎల్‌డిఫ్ ఫైలులో కంటికి ఎందుకు ఆనలేదో ఆసక్తికరమైన విషయం. ఆ ఫైలులో పాస్‌వర్డ్ విలువను బేస్64 అనే మరో అక్షరరూపంలోకి మార్చి రాస్తారు. అలా మార్చారనడానికి గుర్తుగా పేరు పక్కన రెండు కోలన్లు పెడతారు. విలువ మొదట్లో మీసపు బ్రాకెట్ల మధ్య ఉండే విధానం పేరు కూడా అందులో కలిసి మారిపోతుంది. ఎస్ఎస్‌హెచ్ఏకీ ఎస్ఎస్‌హెచ్ఏ512కీ అలా మారాక మొదటి ఆరు అక్షరాలు ఒక్కటే. తేడా ఏడో అక్షరం దగ్గర మొదలవుతుంది. పైపైన చూసేవారికి అన్ని వరుసలూ ఒకే తీరుగా కనిపిస్తాయి. కొందరి విలువ మిగతావారిదానికి రెట్టింపుకు పైగా పొడవున్నదన్నదే పైకి కనిపించే తేడా. సూపరింటెండెంటు గారిది, క్లర్కు గారిది తీసి బేస్64 విప్పి పక్కపక్కన పెట్టగానే విషయం తేటతెల్లమైంది.

అప్పటి ఓపెన్‌ఎల్‌డ్యాప్ 2.4 స్వతహాగా ఎస్ఎస్‌హెచ్ఏను గుర్తిస్తుంది. ఎస్ఎస్‌హెచ్ఏ512ను గుర్తించాలంటే విడిగా ఒక మాడ్యూల్ కావాలి. తనకు తెలియని విధానం పేరు ఎదురైతే స్లాప్‌డీ ఆ మాటను బైండ్ చేసినవారికి చెప్పదు. సరిపోలలేదని తేల్చి యథాప్రకారం 49 ఇస్తుంది. రీసెట్ చేస్తే ఎందుకు పనిచేసిందో కూడా దీనితో తెలిసింది: ఆ కొత్త పాస్‌వర్డును కొత్త సర్వరే తన అలవాటు ప్రకారం ఎస్ఎస్‌హెచ్ఏలో దాచుకుంటోంది.

కారణం దొరికాక పరిష్కారం మీద పెద్ద చర్చే జరిగింది. అందరికీ రీసెట్ చేయడం ఒక దారి. ఊళ్లలో ఉన్న పరిశోధక విద్యార్థులకు, సెలవు పొడిగించుకున్నవారికి కొత్త పాస్‌వర్డ్ ఎలా చేరవేయాలన్నది దానిలో చిక్కు. రెండో దారి మా బృందంలో ఒకరికి తట్టింది. డవ్‌కాట్ రెండు రకాలుగా పనిచేయగలదు: వచ్చినవారి పేరు మీదనే డైరెక్టరీలో బైండ్ చేసి చూడడం ఒకటి, హ్యాష్‌ను డైరెక్టరీ నుంచి తెప్పించుకుని తానే సరిచూడడం మరొకటి. మనది మొదటి రకం. ఎస్ఎస్‌హెచ్ఏ512 డవ్‌కాట్‌కు తెలుసు గనుక, రెండో రకానికి మారితే ఒక్క ఫైలు దిద్దితే సరిపోతుంది. సార్ ససేమిరా అన్నారు. అలా చేయాలంటే కళాశాలలో అందరి హ్యాష్‌లనూ చదివే హక్కు మెయిల్ సర్వర్‌కు ఇవ్వాలి. ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడే యంత్రానికి ఆ హక్కు ఇవ్వడం కన్నా ఒక రోజు తిట్లు తినడం నయమన్నారు. ఈ వృత్తిలో నేను విన్న సలహాల్లో దీన్ని మించినది లేదు. హడావిడిలో హక్కులు పెంచి సమస్య తీర్చడం చాలాచోట్ల చూశాను. ఆ హక్కులను మళ్లీ తగ్గించిన చోటు చూడలేదు.

మిగిలినది మూడో దారి. ఆ మాడ్యూల్ ఓపెన్‌ఎల్‌డ్యాప్ సోర్సులో కంట్రిబ్ అనే అదనపు భాగంలో ఉంది, మేము వాడే డెబియన్ ప్యాకేజీలో లేదు. నడుస్తున్న స్లాప్‌డీ ఏ వెర్షనో అదే వెర్షన్ సోర్సు తెచ్చి, దానితో మాడ్యూల్‌ను కంపైల్ చేసి, కాన్ఫిగరేషన్‌లో మాడ్యూల్ లోడ్ వరుస చేర్చి సర్వర్‌ను తిరిగి మొదలుపెట్టాము. క్లర్కు గారు తన పాత పాస్‌వర్డే కొట్టారు, మెయిల్ తెరుచుకుంది.

అయినా మధ్యాహ్నం దాకా వెబ్‌మెయిల్ నత్తనడక నడిచింది. ఒకే ఐపీ చిరునామా నుంచి తప్పుడు లాగిన్లు పదేపదే వస్తే డవ్‌కాట్ ఆ చిరునామాకు ఇచ్చే జవాబులో ఆలస్యాన్ని 15 సెకన్ల దాకా పెంచుకుంటూ పోతుంది. వెబ్‌మెయిల్ వేరే యంత్రం మీద ఉండడంతో, దాని ద్వారా వచ్చే వారందరూ డవ్‌కాట్‌కు ఒక్క చిరునామాగానే కనిపించారు. తప్పు చేయనివారు కూడా ఆ శిక్ష అనుభవించారు. వెబ్‌మెయిల్ యంత్రాన్ని నమ్మదగిన నెట్‌వర్కుల జాబితాలో చేర్చాక అది తీరింది. మెయిళ్లు చేరవేసే పోస్ట్‌ఫిక్స్‌ది మరో పేచీ: అలియాస్‌ల (మారు చిరునామాల) కోసం డైరెక్టరీని అడిగేటప్పుడు వెర్షన్ చెప్పకపోతే అది ఎల్‌డ్యాప్ రెండో వెర్షన్‌లో పలకరిస్తుంది, పాత సర్వర్ దాన్ని మన్నించేది, ఓపెన్‌ఎల్‌డ్యాప్ తిప్పికొడుతుంది. వెర్షన్ 3 అని ఒక వరుస రాస్తే సరిపోయింది.

ఇప్పుడు డైరెక్టరీ మార్పిడి పని ఏది నా చేతికి వచ్చినా, ఎల్‌డిఫ్ చేతికందగానే పాస్‌వర్డ్ విలువలన్నిటినీ విప్పి, ఏ విధానంలో ఎంతమంది ఉన్నారో లెక్క తీయిస్తాను. ఒక్కో విధానం నుంచి ఒక్కో పరీక్షా ఖాతా తీసుకుని, కొత్త సర్వర్ మీద బైండ్ అయ్యాకనే మెయిల్‌ను అటు తిప్పనిస్తాను. ఇటీవల కంప్యూటర్ కేంద్రం బాధ్యత తీసుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట: ఆనాటి కాన్ఫిగరేషనే ఇంకా కొనసాగుతుంటే, మాడ్యూల్ లోడ్ వరుస మేము చేత్తో కంపైల్ చేసిన ఫైలునే చూపుతూ ఉంటుంది. ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయినప్పుడు ఆ ఫైలు దానంతటది మారదు. తరవాతి డెబియన్ విడుదలల్లో అదే మాడ్యూల్ స్లాప్‌డీతోపాటే వస్తోంది కాబట్టి, అప్‌గ్రేడ్ చేసే ముందు ఆ దారిని దానికి మార్చి, మొదట ఒక క్లర్కు గారి ఖాతాతో పరీక్షించి చూడండి.