గాంధీగారి దేశం పిల్లని కదా!

మేరీల్యాండ్‌లో ఏటా మే నెల మొదట్లో గొర్రెలు, ఉన్ని పేరుతో పెద్ద జాతర జరుగుతుంది. మా వాడికి గొర్రెపిల్లల్ని చూపిద్దామని వెళ్ళాను. అక్కడ 'షీప్ టు షాల్' అని ఒక పోటీ. జట్టంతా కలిసి ఉన్ని వడికి, కొన్ని గంటల్లో శాలువా నేసెయ్యాలి. నోరు వెళ్ళబెట్టి చూస్తుంటే పక్కనున్నావిడ మా ఊరి గిల్డ్, అంటే నూలు వడికేవాళ్ళ సంఘం, కాగితం చేతిలో పెట్టింది.

గిల్డ్ అంటే మరీ పెద్దదేం కాదు. నెలకో శనివారం చర్చి బేస్‌మెంట్‌లో పాతికమంది చేరతారు. ఎక్కువమంది రిటైరైనవాళ్ళే, ఎవరి రాట్నం వాళ్ళే మోసుకొస్తారు. మొదటిరోజే, "ఇండియా కదా, నీకు చరఖా వచ్చే ఉంటుందిలే" అన్నారు. నేను చూసిన చరఖా ఒక్కటే: స్కూల్లో పంద్రాగస్టుకి గాంధీ వేషం వేసిన పిల్లాడి పక్కన పెట్టిన అట్టముక్కది. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి నవ్వి ఊరుకున్నాను.

ఆ నవ్వే కొంప ముంచింది. అక్టోబరులో వడకడం, నేయడం వారోత్సవాలకి లైబ్రరీలో ప్రదర్శన పెట్టారు. జాబితాలో నా పేరుకెదురుగా 'చరఖా' అని ఉంది.

డెబ్బై దాటిన ఒకావిడ దగ్గర పెట్టె చరఖా ఉంది. మూసేస్తే లావుపాటి పుస్తకమే, తెరిస్తే లోపల రెండు చక్రాలు, దారం చుట్టుకునే సన్నటి కదురు ఒకటి. గాంధీగారు ఎరవాడ జైల్లో ఉన్నప్పుడు రూపు దిద్దుకున్న రకం అని ఆవిడే నాకు చెప్పింది! నా మొహం చూసి సంగతి కనిపెట్టేసి, ఆరువారాలు వాళ్ళ వంటింట్లో కూర్చోబెట్టి నేర్పింది.

ఉన్ని పోగులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి కాస్త తప్పు చేసినా సర్దుకుంటుంది. పత్తి పోగు ఇంచీ ఉంటే గొప్ప. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకుని, అంటే వత్తిలా చుట్టిన దూదిని, మెల్లగా వెనక్కి లాగాలి. పురి చాలకముందే లాగితే చేతిలో దూది మిగులుతుంది. ఆలస్యం చేస్తే పోగు ముడుచుకుపోయి, ఇక సాగదు. దారాన్ని కదురు మొనకి కాస్త ఏటవాలుగా పట్టుకుంటే పురి ఎక్కుతుంది, అడ్డంగా పట్టుకుంటే చుట్టుకుంటుంది. మొదటి మూడువారాలు నేను వడికింది దారం కాదు, వానపాములు. ఏకు మేకై కూర్చోవడమంటే ఏంటో అప్పుడు అర్థమైంది.

లైబ్రరీలో పిల్లలు మూగారు. చరఖా కిర్రుకిర్రుమంటోంది, దారం మూడుసార్లు తెగింది. నాలుగోసారి వెనకనుంచి తెలుగు వినబడింది.

"కదురుకి సుక్క నూనెయ్యనేదేటమ్మా?"

కొడుకు దగ్గరికి వచ్చిన మామ్మగారు. ఊరు ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు పక్కనే. నాకు పాఠం చెప్పిన అమెరికావిడ, మాట అర్థం కాకపోయినా ఆ వేలు ఎటు చూపించిందో చూసి, ఏప్రాన్ జేబులోంచి నూనెసీసా తీసింది. కిర్రు ఆగింది. "లెగు, ఒకపాలి నన్ను కూకోనీ" అని మామ్మగారు నా కుర్చీలోకి వచ్చేశారు. రెండు పోగులు తెగాయి, మూడోది జానెడు, మూరెడు, చేయి బారెడు సాగింది.

తమవైపు వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారని ఆవిడ చెబితే, గిల్డ్‌వాళ్ళంతా చేతుల్లో ఇనుపపళ్ళ దువ్వెనలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఏ చేప, ఎంత దవడ, ఎక్కడ దొరుకుతుంది? ప్రశ్నల మీద ప్రశ్నలు. అన్నీ తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చడమే నా పనైపోయింది.

ఇంతలో ఒక బుడ్డోడు ముందుకొచ్చి, "ఇది తీసేటప్పుడు గొర్రెకి నొప్పెయ్యదా?" అని అడిగాడు.

మామ్మగారు దారం మీంచి చూపు తిప్పకుండానే, "ఇది పత్తిరా నాయనా, సెట్టుకి కాస్తాది" అన్నారు.