న్యూజెర్సీ హాల్లో తప్పెటగుళ్ల మోత

ఆ చప్పుడు వినగానే నాకు గుర్తొచ్చింది మా ఊరి తప్పెటగుళ్లే. గుండె మీద రేకు గుల్ల కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ రెండు చేతులా దాన్ని వాయించేవారు. ముందు వరసలో చాప మీద కూర్చున్న నాకు ఆ మోత చెవుల్లో కంటే ఎక్కువగా ఛాతీలో వినిపించేది. అలాంటి మోత మళ్లీ ముప్పై ఏళ్ల తరవాత, న్యూజెర్సీలో, మాజీ సైనికుల సంఘం వాళ్ల చిన్న హాల్లో విన్నాను. ఒక రెజ్లర్ ఇంకొకణ్ణి తాళ్లకు ఆనించి, చొక్కా లేని గుండె మీద అరచెయ్యి చాచి ఒక్కటి కొట్టాడు. దాన్ని చాప్ అంటారు. రెండో దెబ్బకి చర్మం ఎర్రగా కందిపోయింది. హాలంతా ఒక్కసారిగా "ఓహ్" అంది. పక్కన మా పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దానికి పదకొండేళ్లు.

మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. తొంభైల్లో మా అన్నయ్య దగ్గర రెజ్లింగ్ ట్రంప్ కార్డుల కట్ట ఒకటి ఉండేది, రబ్బరు బ్యాండు వేసి పుస్తకాల సంచిలో దాచుకునేవాడు. ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, గెలిచిన ఫైట్లు, ర్యాంకు, అన్నీ నాకు కంఠతా వచ్చు. టీవీలో రెజ్లింగ్ వచ్చే వేళకి మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచేసేవారు. ఆడపిల్లకి కుస్తీ ఎందుకని మా నానమ్మ అనేది. తలుపు సందులోంచి చూశాను, చాలా చూశాను. ఆ ఇష్టం పోలేదు. పెళ్లి, వీసా, ఉద్యోగం, పిల్లలు వచ్చాక దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు, అంతే.

2025 జనవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు వారం వారం వేసే 'రా' అనే రెజ్లింగ్ షో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక, స్కూల్ బస్సులో స్నేహితురాలు చెప్పిందని మా పాప చూడ్డం మొదలుపెట్టింది. నేను పొయ్యి కట్టేసి వచ్చి పక్కన కూర్చున్నాను. "అమ్మా, నీకిది తెలుసా?" అంది. ఆ రాత్రి పదకొండింటిదాకా మాట్లాడుకున్నాం. మామూలుగా నేను ఏదడిగినా అది ఒక్క మాటలో జవాబు చెప్పి గదిలోకి వెళ్లిపోతుంది. ఆదివారం తెలుగు బడికి పంపడం, పండక్కి పట్టులంగా కట్టించడం, తాతయ్యతో వీడియో కాల్, ఇవన్నీ నేను దాని వెంటపడి చేయించేవే. తనంతట తాను వచ్చి నా చిన్నతనం గురించి అడగడం అదే మొదటిసారి.

తరవాత నెలలో పిజ్జా కొట్టు అద్దానికి అంటించిన కాగితం చూసింది. మా ఇంటికి పావుగంట దూరంలో చిన్న రెజ్లింగ్ కంపెనీ షో. పెద్దలకి ఇరవై డాలర్లు, పిల్లలకి పది. మా ఆయన టెన్షన్ పడ్డారు, ఆయన భయంలోనూ న్యాయం ఉంది. చిన్న షోలన్నీ ఒకలాంటివి కావు. కొన్నిచోట్ల ట్యూబ్ లైట్లు పగలగొట్టుకుని, ముళ్లకంచెలు పెట్టుకుని రక్తాలు కారేలా ఆడతారు, అవి పిల్లలు చూసేవి కావు. అందుకే ముందు ఫోన్ చేసి అడిగాను. ఇది కుటుంబాలు వచ్చే షో, బూతులు ఉండవు, రక్తం ఉండదు అని చెప్పాకే టికెట్లు కొన్నాను. ఎవరైనా పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే ఈ ఒక్క ఫోన్ తప్పకుండా చెయ్యండి.

హాల్లో నూట యాభై మడత కుర్చీలు. గోడ మీద బింగో బోర్డు, పక్కన యుద్ధాలకి వెళ్లొచ్చినవాళ్ల ఫోటోలు, మూల చిన్న బారు, హాట్ డాగ్‌ల వాసన. మధ్యలో రింగు. పెద్ద స్టేడియంలో తెర మీద చూసేది ఇక్కడ చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. మేం తొందరగా వెళ్లాం కాబట్టి రింగు బిగించడం చూశాం. బిగిస్తున్నది ఇంకా నేర్చుకుంటున్న కుర్రాళ్లు, ఇద్దరమ్మాయిలు. ఇనుప దూలాల మీద చెక్కలు పరిచి, పైన పల్చటి ఫోమ్ వేసి, దాని మీద క్యాన్వాస్ గుడ్డ లాగి కట్టారు. మెత్తటి పరుపేమీ కాదు. ఆ చెక్క మీద వెల్లకిలా పడటాన్ని బంప్ అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకి తగలకుండా చూసుకోవాలి, రెండు చేతులూ చాచి నేలని కొట్టాలి, ఊపిరి వదిలెయ్యాలి. అప్పుడు దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. కుర్రాళ్లు నెలల తరబడి ముందు నేర్చుకునేది ఈ పడటమే.

"అదంతా ఫేక్ కదా" అని మా తెలుగు స్నేహితులు చాలామంది అన్నారు. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారన్నది రహస్యమేం కాదు. 1989లో ఇదే న్యూజెర్సీలో, రాష్ట్ర సెనేట్ ముందు, అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్, అంటే ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లే ఇది పోటీ కాదు, వినోదమని చెప్పుకున్నారు, క్రీడల బోర్డు ఆంక్షలు తప్పించుకోడానికి. కానీ చెక్క మీద పడ్డ వీపు నిజం. పైనుంచి దూకేవాణ్ణి కింద ఉన్నవాడు పట్టుకోకపోతే మెడ విరుగుతుంది, అదీ నిజమే. ఎదుటివాడి ప్రాణం తన చేతుల్లో ఉందని తెలిసి ఆడే ఆట ఇది. భీముడు దుర్యోధనుడి తొడ విరగ్గొడతాడని తెలియక మా ఊరి జనం తెల్లవారుజాముదాకా పద్య నాటకం చూశారా? ఆ తొడ విరగడం చూడ్డానికే కూర్చున్నారు.

నేను ఈ మాట అంటే మా పాప "పద్య నాటకం అంటే?" అంది. ఆ వారం వీడియో కాల్‌లో మా నాన్నగారిని అడిగింది. ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోయారు. హార్మోనియం వాయించేవాడు శ్రుతి పట్టగానే జనం ఎలా నిశ్శబ్దమయ్యేవారో, రాయబారం సీన్లో కృష్ణుడు రాగం తీసి పద్యం ముగించగానే "వన్స్ మోర్" అని ఎలా అరిచేవారో, ఆయన ఎలా మళ్లీ మొదటి నుంచి పాడేవాడో చెప్పారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గురించీ చెప్పారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసు ఊపిరి బిగించి తెంపేవాడని, గుండె మీదకి ఏనుగుని ఎక్కించుకునేవాడని, సొంత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగాడని, కలియుగ భీముడని పిలిచేవారని. "తాతయ్యా, ఆయన ఫినిషర్ ఏంటి?" అంది పాప. నాన్నగారికి ఆ మాట అర్థం కాలేదు. "చివరి పట్టు ఏదని అడుగుతోంది" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. మామూలుగా ఐదు నిమిషాల్లో ముగిసే కాల్ ఆ రోజు ముప్పావుగంట నడిచింది.

ఆ రోజు హాల్లో అమ్మాయిల మ్యాచ్ దగ్గర నేను కుర్చీలోంచి లేచిపోయాను. రింగు బిగించిన ఇద్దరమ్మాయిల్లో ఒకామె అందులో ఉంది. 2019లో ఇక్కడి మెట్‌లైఫ్ స్టేడియంలో, ఏడాదికోసారి జరిగే అన్నిటికంటే పెద్ద షో రెజిల్‌మేనియాలో చివరి మ్యాచ్ మొట్టమొదటిసారి ఆడవాళ్లది అయినప్పుడు నాకు ఐదేళ్ల పిల్ల, నెలల బాబు. వెళ్లలేకపోయాను. ఫోన్లో వార్త చదివి ఊరుకున్నాను. 2017లో హర్యానా నుంచి వచ్చిన కవితా దేవి సల్వార్ కమీజ్‌తోనే రింగులోకి దిగి ప్రత్యర్థిని తలపైకి ఎత్తిన వీడియో మాత్రం ఎన్నిసార్లు చూశానో. ఆ సంగతి ఇన్నాళ్లూ పాపకి ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఆ రోజు కారులో చెప్పాను. ఇంటికి వెళ్లాక చూపించాను కూడా. "ఆమె డ్రెస్ మార్చుకోలేదు" అంది, అంతే. ఆ వీడియో మళ్లీ మళ్లీ పెట్టి చూసింది.

నన్ను ఇబ్బంది పెట్టింది నాలుగో మ్యాచ్. విలన్‌గా వచ్చినవాడు మన రంగు కుర్రాడు. తలపాగా లాంటిది చుట్టారు, న్యూఢిల్లీ నుంచి వచ్చాడని మైకులో చెప్పారు. వచ్చీ రాగానే మీ ఊరు కంపు కొడుతోందని జనాన్ని తిట్టాడు. విలన్ చెయ్యాల్సిన పనే అది, హీల్ అంటారు. జనం "బూ" అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత వెనకనుంచి "యూఎస్ఏ, యూఎస్ఏ" అని మొదలై హాలంతా అందుకుంది. మా పాప అరవడం ఆపేసి చుట్టూ చూసింది. నూట యాభై మందిలో మన రంగువాళ్లం మేమిద్దరమే, రింగులో అతను.

"అమ్మా, మనం కూడా యూఎస్ఏనే కదా? ఎందుకలా అంటున్నారు?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఈ ఆటలో ఇది పాత అలవాటు. 1984లో ఇరాన్ నుంచి వచ్చిన ఐరన్ షేక్‌ని అమెరికా హీరోగా నిలిచిన హల్క్ హోగన్ ఓడించడంతోనే పెద్ద కథ మొదలైంది. కెనడాలోని కాల్గరీలో పంజాబీ కుటుంబంలో పుట్టిన జిందర్ మహల్‌ని 2017లో ఛాంపియన్‌ని చేసినప్పుడు కూడా అమెరికా అంటే పడని పరాయివాడిగానే నిలబెట్టారు. మాంట్రియల్ దగ్గర పెరిగిన సిరియా దంపతుల కొడుకు ఒకతను ఇలాంటి చిన్న హాళ్లలోనే ఏళ్ల తరబడి మెక్సికో మాస్కు కింద ఆడాడు. మాస్కు తీసి సామీ జైన్ అయ్యాడు, 2024లో ఫిలడెల్ఫియాలో రెజిల్‌మేనియాలో గెలిచాడు. ఆ రాత్రి జనమంతా అతని వెంటే ఉన్నారు. ఇవన్నీ నాకు తెలుసు. పదకొండేళ్ల పిల్లకి ఆ గోలలో ఏం చెప్పను? "అది తప్పు" అన్నాను. "మనం అరవొద్దు."

షో అయ్యాక రెజ్లర్లు బల్లల దగ్గర టీషర్టులు, ఫోటోలు అమ్ముకుంటారు. చిన్న షోల్లో చేతికొచ్చే డబ్బు పెట్రోలుకి చాలదు, ఈ అమ్మకమే వాళ్లకి ఆధారం. అందుకే నేను ఎప్పుడూ ఏదో ఒకటి కొంటాను. పాప తిన్నగా ఆ కుర్రాడి బల్ల దగ్గరికి వెళ్లింది. తలపాగా తీసేసి, ఛాతీ మీద ఐస్ పెట్టుకుని కూర్చున్నాడు. అతను పుట్టింది ఇక్కడికి ఇరవై నిమిషాల దూరంలో, అమ్మానాన్నలు గుజరాత్ నుంచి వచ్చారట. "నిన్ను యూఎస్ఏ అని అరిస్తే బాధ వెయ్యదా?" అని అడిగేసింది. నేను ఆపేలోపే. అతను కాసేపు ఆగి, "నన్ను తిట్టకపోతే నేను పని సరిగ్గా చెయ్యలేదని అర్థం. తిట్టండి. కానీ ఆ అరుపు నాకోసం కాదు, ఎవరు నిలబడినా అదే అరుస్తారు" అన్నాడు. ఢిల్లీ అని చెప్పడం అతని నిర్ణయం కాదట. చిన్న కంపెనీలో కొత్తవాడికి ఇచ్చిన వేషం వేసుకోవాల్సిందే.

నిర్వాహకుడితో మాట్లాడాను. విన్నాడు, జనం ఏం అరుస్తారో తన చేతిలో లేదన్నాడు. వేషం ఇచ్చింది తనే కదా అని నేను అన్నాను, దానికి జవాబు చెప్పలేదు. నాకు ఇప్పటికీ ఆ విషయంలో కోపం ఉంది.

నాన్నగారికి చెబితే కాస్త ఆలోచించి ఒక మాట చెప్పారు. మా ఊరి నాటకంలో దుర్యోధనుడి వేషం వేసేవాడు ఏటి అవతలి ఊరివాడు. రెండు ఊళ్లకీ చెరువు నీళ్ల దగ్గర పాత గొడవ. అయినా వేషం మీద ఉన్నప్పుడు "ఒరే దుర్యోధనా" అని అరిచారేగానీ, ఊరి పేరెత్తి ఒక్కరూ అరవలేదట. అరిస్తే పెద్దలు అక్కడే లేపి పంపేసేవారట. పొద్దున్నే అతనికి మా ఇంట్లోనే చద్దన్నం పెట్టేవారు.

పాప ఇదంతా వింది, ఏమీ అనలేదు. తరవాతి నెల షోకి వెళ్లినప్పుడు మాత్రం రెజ్లర్లు వచ్చే దారి పక్కనే కుర్చీ కావాలంది. అతను తెర తీసుకుని రాగానే లేచి నిలబడి, అతని రింగు పేరు పెట్టి, గొంతు బొంగురుపోయేలా బూ కొట్టింది. ఇంకా ఆ యూఎస్ఏ అరుపు మొదలవలేదు. ముందు వరసలో నలుగురైదుగురు పిల్లలు దాన్ని చూసి అదే పేరు అందుకున్నారు. అతను ఆగి, దీని మొహంలో మొహం పెట్టి, పళ్లు కొరికి, వేలు చూపించి వెళ్లాడు. మా పాప ఆనందం ఏం చెప్పను! వెనకనుంచి ఆ రెండో అరుపు తరవాత వచ్చింది, రాకుండా ఉండదు. కానీ ఆ పూట చాలాసేపు పిల్లల గొంతులే పైన వినిపించాయి.

వచ్చే శనివారం మళ్లీ షో ఉంది. ఇలాంటి షోలకి అట్టల మీద రాసుకుని వెళ్లి ఊపడం ఆనవాయితీ. నిన్న రాత్రి పాప డైనింగ్ టేబుల్ మీద పెద్ద తెల్ల అట్ట పరిచి, నల్ల మార్కరు పట్టుకుని కూర్చుంది. తెలుగులో రాస్తానంది. తెలుగు బడి హోంవర్కుకి నేను మూడుసార్లు పిలిస్తేగానీ రాని పిల్ల.

"అక్కడెవరికీ తెలుగు రాదు కదమ్మా" అన్నాను.

"చదవడం రాకపోతే ఏంటని అడుగుతాడు కదా, అప్పుడు చెప్తా."

"ఏం రాస్తున్నావు?"

"తాతయ్య చెప్పిందే" అని అట్ట నావైపు తిప్పింది. 'వన్స్ మో' వరకూ రాసింది, వంకరగా, చాలా పెద్ద అక్షరాలతో. "ర కి పొల్లు ఎటు పెట్టాలి?" అని మార్కరు నా చేతికిచ్చింది.