దుబాయ్ హారం విప్పాలా వద్దా

పొద్దున్నుంచీ ముసురు. కరెంటు పోతూ వస్తూ ఉంది, ఆ వెలుతురులో మగ్గం మీద సూది ఆడదు. సరే, ఎప్పటి నుంచో వాయిదా వేస్తున్న గిల్టు నగల డబ్బా ముందేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను.

డబ్బా అత్తమ్మది. బిస్కెట్లు వచ్చే రేకు డబ్బా. మూత తీయగానే గుప్పున ఇత్తడి వాసన. కెంపుల నెక్లెసు, తెల్లరాళ్ళ దుబాయ్ సెట్టు, చీరకు పెట్టుకునే బ్రోచ్, సగం రాళ్ళు రాలిన లక్క గాజులు, తెగిన మాటీలు, జోడు పోయిన బుట్టకమ్మ. బంగారం వీసమెత్తు లేదు. అయినా ఈ ఇంట్లో ఎవరూ దీన్ని బయట పడేయనివ్వరు.

వీటిలోంచి రాళ్ళు తీయాలా, ఇట్లాగే ఉంచాలా అన్నది ఇవాళ తేల్చేద్దామనుకున్నాను. శ్రావణ మాసం దగ్గరికొచ్చింది, బ్లౌజులు కుప్ప పడి ఉన్నాయి. మా ఆడబిడ్డ అయితే ఫోన్లో తేలిగ్గా చెప్పేసింది. "వదినా, గా పాత రాళ్ళు పీకి నా జాకెట్‌కు పెట్టరాదు, మల్ల కొనుడెందుకు?"

వినడానికి బాగుంది గానీ పని తెలిసిన వాళ్ళు అనే మాట కాదు. నగలో పొదిగే రాయికి వెనక వైపు కోసుగా ఉంటుంది. బ్లౌజు మీద అతికించే రాయికి అడుగు చదును. కోసు రాయి గుడ్డ మీద నిలవదు. దానికి ముందు లోహపు గిన్నె లాంటి కట్టు కావాలి, ఆ కట్టును దారంతో కుట్టాలి. పైగా వరంగల్ చౌరస్తాకు పోతే అడుగు చదునుగా ఉండే కొత్త రాళ్ళు ప్యాకెట్ల లెక్కన దొరుకుతాయి, పెద్ద ఖరీదేమీ కాదు. పాత హారంలోంచి గుప్పెడు రాళ్ళు విరగకుండా తీసే లోపల నేను ఒక చేతి బార్డరు కుట్టి అవతల పెడతాను. పొదుపు కోసం రాళ్ళు పీకడమంత దండగ పని ఇంకోటి లేదని నా అభిప్రాయం.

పాత రాయితో నిజంగా అవసరం పడేది ఇంకో పాత నగకే. రాలిపోయిన చోట కొత్త రాయి పెట్టి చూడండి, ఎంత దూరం నుంచైనా పట్టేస్తారు. కొత్తది నీలం తెలుపు, పాతది కాస్త పాల తెలుపు. అంచులు అరిగి ఉంటాయి, చెక్కడం కూడా వేరుగా ఉంటుంది. ఇక సైజు. రాళ్ళ సైజు నంబర్లలో ఎస్ఎస్ 16 అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు, ఎస్ఎస్ 20 అంటే అంతకంటే ముప్పావు మిల్లీమీటరు పెద్దది. ఆ కాస్త తేడాకే రాయి గూట్లో కూర్చోదు, లేదా కూర్చున్నట్టే ఉండి ఊడిపోతుంది. అదే సెట్టులోంచి తీసిన రాయయితే ఈ బాధలేవీ ఉండవు.

అందుకే ఒక్కో నగనూ పట్టుకుని, ఇది బతికేదా, ఇంకోదాన్ని బతికించేదా అని చూస్తూ పోయాను.

లక్క గాజులు సులువు. లక్క వేడి మీద మెత్తగా ఉన్నప్పుడే రాళ్ళు అద్దుతారు, పాతబడి పెళుసెక్కితే గోటితో గీరినా ఊడి వస్తాయి. వచ్చాయి కూడా, కానీ అన్నీ అద్దం పెంకులే, గీతలు పడి ఉన్నాయి. పక్కన పెట్టాను.

బ్రోచ్ మీద చెయ్యి వేయలేదు. దాని రాళ్ళు ఒక పక్క నుంచి ఊదా, ఇంకో పక్క నుంచి ఆకుపచ్చ, పసుపు. ఆ రంగులు గాజులోవి కావు, పైన వేసిన సన్నటి లోహపు పూతవి. 1956లో స్వరోవ్‌స్కీ కంపెనీ క్రిస్టియన్ డియోర్‌తో కలిసి తెచ్చిన పూత అది. తర్వాత అందరూ అట్లాంటివి చేశారు, కాబట్టి మాది ఆ కంపెనీదేనని నేనేం చెప్పను. ఒక్క రాయీ పోలేదు, పిన్ను మాత్రం వంగింది. పిన్ను వంగితే సరిచేసుకోవాలి గానీ రాళ్ళు పీకుతామా?

కెంపుల నెక్లెసు దగ్గర చాలాసేపు ఆగాను. అది చిలకలపూడి రోల్డ్ గోల్డ్ అని అత్తమ్మ చెబుతుంది. నమ్మొచ్చు. ఇత్తడి మీద బంగారు రేకు అతికించి చేసేది కాబట్టే ఇన్నేళ్ళకూ అంచుల దగ్గర తప్ప ఇంకెక్కడా ఎర్రబారలేదు. మూడు కెంపులు లేవు. మళ్ళీ పూత పెట్టిద్దామంటే పూత తొట్టిలో ముంచే ముందు రాళ్ళన్నీ తీయాలి. ఆ మందులకు రాళ్ళ వెనక రేకు పాడవుతుంది. అంచులు మడిచి బిగించిన ఆ గూళ్ళను విప్పితే మళ్ళీ అట్లా మడవడం నా వల్ల కాదు. కొంచెం వెలిసిపోయినా ఇట్లాగే అందంగా ఉంది. పోయిన మూడింటి సంగతి ఎప్పుడన్నా జేపీఎన్ రోడ్డు వైపు వెళ్ళినప్పుడు తెలిసిన అవుసులాయనను అడుగుతాను.

మిగిలింది దుబాయ్ సెట్టు. 1980లలో అత్తమ్మ తమ్ముడు తెచ్చాడు. అప్పట్లో జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్ పోయిన వాళ్ళు సెలవు మీద వస్తే టేప్ రికార్డరు, సెంటు సీసాలతో పాటు ఇట్లాంటి తళతళలు కూడా వచ్చేవి. హారం, కమ్మలు. భూతద్దం పెట్టి ఫోన్ టార్చ్ వేసి చూశాను. హారంలో మెడ వెనక వైపు వరస చాలావరకు నల్లబడింది. కొన్ని రాళ్ళు పూర్తిగా చచ్చిపోయి సీసపు ముక్కల్లా ఉన్నాయి. కొన్నిట్లో ఒక మూల నుంచి పసుపు మరక పాకుతోంది. ఈ రాళ్ళకు మెరుపు సగం వెనక వేసిన వెండి పూతలోనే ఉంటుంది, అదే వాటికి అద్దం. తడి లోపలికి దూరి ఆ పూత నల్లబడిందంటే రాయి ఎంత తుడిచినా వెలగదు. ఏడీ, అంటే అమెరికన్ డైమండ్ రాళ్ళకు సాధారణంగా ఈ రోగం రాదు, వాటికి వెనక పూతతో పని లేదు.

తడి ఎట్లా పోయిందని అత్తమ్మనే అడిగాను. "కుంకుడుకాయ రసంల నానబెట్టి బ్రష్షుతోని రుద్దేదాన్ని బిడ్డా, బంగారం లెక్కనే చూసుకున్న" అంది. కొక్కెం దగ్గర పచ్చగా చిలుము కూడా కట్టింది. పక్కవాటికి అంటకుండా దాన్ని వేరే కవర్లో వేశాను.

కమ్మలు మాత్రం బాగున్నాయి. ఒక్కోదానిలో ఒకటో రెండో చిన్న రాళ్ళు పోయాయి, కుడి కమ్మకు నడిమి పెద్ద రాయి లేదు. అంటే హారాన్ని విప్పితే కమ్మలు బతుకుతాయి. లెక్క తేలింది గానీ చెయ్యి రాలేదు. ఎందుకంటే ఈ హారం కథ నాకు తెలుసు. మామయ్య వ్యవసాయం దెబ్బతిన్న ఏడాది అసలు నగలన్నీ గిర్విలోకి పోతే అత్తమ్మ దీన్ని వేసుకునే చుట్టాల పెళ్ళిళ్ళన్నీ తిరిగింది. ఎవరూ కనిపెట్టలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

చిన్న రాళ్ళ వరకు ఫర్వాలేదు, వెనక వరసలోనే నాలుగైదు మంచివి దొరికాయి. రాయిని పట్టి ఉంచే నాలుగు లోహపు పళ్ళలో ఒక పక్కవి రెండు మాత్రమే సన్నటి బ్లేడుతో లేపి రాయిని పక్కకు జారిస్తే చాలు. అన్నీ లేపితే పాత పళ్ళు పుటుక్కున విరుగుతాయి. తీసిన రాయిని వేళ్ళతో పట్టుకోకుండా అగరొత్తి పుల్ల చివర మైనం అద్ది ఎత్తాను. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి పోలేదు. గమ్ముతో పాటు వెనక పూతనూ, పూసల మీది ముత్యపు రంగునూ కరిగించేస్తుందది.

చిక్కంతా నడిమి రాయి దగ్గర. ఆ సైజు హారం మొత్తంలో లాకెట్‌లోనే ఉంది. లాకెట్ ఒక్కటే ఇంకా మెరుస్తోంది, అది కూడా తీసేస్తే హారంలో మిగిలేదేమీ లేదు. లాకెట్ వదిలేసి కమ్మకు కొత్త రాయి వెతుకుదామని, తేడా తెలిస్తే తెలియనీ అని దాదాపు నిర్ణయించుకున్నాను.

అత్తమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి చూసింది. విషయం చెప్పాను. ఆమె ఆలోచించను కూడా లేదు.

"కమ్మకే పెట్టు. చెవులకేసుకుంటే నలుగురు చూస్తరు. డబ్బాల మూతేసి పెడితే ఎవలు చూస్తరే?"

"లాకెట్ బోసిపోతది కదా అత్తమ్మా."

"బోసిపోతే పోనీ. నా మెడకు గంత బరువు ఇప్పుడు నేనేడ ఏస్కుంట? పరకాలల పెండ్లున్నది, కమ్మలు నాకియ్యి."

తీశాను. గూట్లో చక్కగా కూర్చుంది. కమ్మకు ఒక పన్ను ముందే విరిగి ఉంది కాబట్టి రెండు ట్యూబులు కలిపే గమ్ము సూది మొనతో చుక్క పెట్టాల్సి వచ్చింది. వెంటనే అంటుకునే రకం వాడితే రాయి చుట్టూ తెల్లగా పొగ పట్టినట్టవుతుంది. ఈ గమ్ము పూర్తిగా గట్టిపడాలంటే రేపు సాయంత్రం దాకా ఆగాలి. అంతవరకు ముట్టుకోవద్దని అత్తమ్మకు చెప్పాను. ఏ చీర మీదికి బాగుంటాయో చూసుకుంటానని అప్పటికే బీరువా తెరిచింది.