మంచం తీసేసిన చోట

యోగా చేస్తే జీవితమే మారిపోతుందని ఎవరైనా అంటే నాకు కాస్త విసుగ్గా ఉంటుంది. నేను చాప పరవకముందే నా జీవితం మారిపోయింది. మారిన సంగతి నా ఒంటికే ఇంకా తెలియలేదు. గొడవంతా అక్కడే.

అత్తయ్యకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఆవిడ పనులన్నీ నేనే చూశాను. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి అటో ఇటో తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. పగలూ రాత్రీ అదే లెక్క. మొదట్లో అలారం పెట్టుకునేదాన్ని. తర్వాత్తర్వాత దానితో పనే లేకపోయింది, వేళకి కళ్ళు వాటంతటవే తెరుచుకునేవి. ఆవిడ పోయి నెలలు గడిచినా అదే వరస. అర్ధరాత్రి లేచి వెళ్ళి, తిప్పడానికి ఎవరూ లేని గదిలో లైటు వేసి నిలబడేదాన్ని.

పగళ్ళు ఇంకో రకం. చేతినిండా పని ఉన్న మనిషి ఉన్నట్టుండి ఖాళీ అయిపోతే చుట్టూ ఉన్నవాళ్ళకి ఊరుకోబుద్ధి కాదు. మా ఆడపడుచు తన దగ్గరికొచ్చి కొన్నాళ్ళుండమంది. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఏదో కోర్సు చేయమంది. మా ఆయన ఆ గదిలో తన కంప్యూటర్ పెట్టుకుంటానన్నారు. అందరికీ "సరే" అన్నాను. నా నోటికి ఆ మాట పలికినంత తేలిగ్గా ఇంకేదీ పలకదు.

యోగా క్లాసుకి వెళ్ళింది మనశ్శాంతి కోసం కాదు, నడుము నొప్పి కోసం. మనిషిని ఏళ్ళ తరబడి ఎత్తీ దించీ తెచ్చుకున్న నొప్పి. నేర్పే అమ్మాయికి మా అమ్మాయి వయసే ఉంటుంది. మొదటి రోజు "మేడమ్" అంది, రెండో రోజుకే "ఆంటీ" అయిపోయాను. క్లాసులో నేర్చుకున్నది ఇంట్లోనూ చేయమంది. ఇంట్లోనా? చాపేమో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. చేతులు చాపడానికి పక్కన ఇంకాస్త జాగా కావాలి. హాల్లో సోఫా, పడగ్గదిలో బీరువాలు. అంత నేల ఒకేచోట ఖాళీగా ఉన్నది అత్తయ్య మంచం తీసేసిన గదిలోనే. కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దాం లెండి అని మా ఆయనకి చెప్పి చాప అక్కడే వేశాను.

ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం నాకు పెద్ద పరీక్ష. కాళ్ళు చాపి కూర్చుని, కాలివేళ్ళు అందుకోవాలని పళ్ళు బిగించి లాగేదాన్ని. ఎంత లాగితే తొడల వెనక కండరాలు అంత మొరాయించేవి. ఆ అమ్మాయి వచ్చి మోకాళ్ళ కింద దుప్పటి చుట్టి పెట్టి, వేళ్ళు వదిలేయమంది. కండరాన్ని ఒక్కసారిగా సాగదీస్తే తెగిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి అది ముడుచుకుంటుందట, నెమ్మదిగా, నొప్పి లేని చోట ఆగితే వదులవుతుందట. పతంజలి యోగసూత్రాలు రెండు వందలకి కాస్త తక్కువ. వాటిలో ఆసనం గురించి చెప్పినవి మూడే మూడు. అందులో ఒకటి, ప్రయత్నాన్ని సడలించడం వల్ల ఆసనం కుదురుతుందంటుంది. ఒళ్ళు విల్లులా వంచిన ఫొటోలు చూసి బెదిరిపోయే నాలాంటి వాళ్ళకి ముందే ఎవరైనా ఈ ముక్క చెబితే బాగుండును!

అసలు కష్టం శవాసనంతో వచ్చింది. అందరూ దాన్ని క్లాసు చివర దొరికే బహుమానంలా చూస్తారు. నాకేమో అదే గండం. వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోగానే చెవులు రిక్కించుకునేవి. "దూరంగా వినిపించే శబ్దం వినండి, తర్వాత దగ్గరి శబ్దం వినండి" అని ఆ అమ్మాయి మెల్లగా చెబుతుంటే మిగతావాళ్ళు వింటూ వింటూ గురక దాకా వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం పక్కగదిలో కుర్చీ జరిగినా లేచి కూర్చునేదాన్ని. ఇన్నేళ్ళూ చెవులతోనే కాపలా కాసిన మనిషిని మళ్ళీ వినమంటే ఎలా?

ఆ మాటే ఒకరోజు క్లాసయ్యాక చెప్పేశాను. ఉపన్యాసం ఇస్తుందనుకున్నా, ఇవ్వలేదు. నా కుడిచేతి వేళ్ళు తీసి నా ఎడమ మణికట్టు మీదే పెట్టింది. "నాడి చూసుకోండి ఆంటీ. పీల్చేటప్పుడు ఎలా ఉంది, వదిలేటప్పుడు ఎలా ఉంది, అంతే" అంది. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ అనే నరం పని అది. నాలుగు లెక్కపెట్టి పీల్చడం, ఆరు లెక్కపెట్టి వదలడం, మధ్యలో బిగపట్టడం లేదు. కాసేపటికి తేడా వేళ్ళకి తెలిసింది. టక్‌టక్‌మని వచ్చేది, ఊపిరి వదులుతుంటే కాస్త ఎడంగా, బద్ధకంగా వస్తోంది. అత్తయ్య నాడి రోజూ చూసి పుస్తకంలో రాసేదాన్ని. నాది నేను చూసుకోవడం అదే మొదలు.

ఇప్పటికీ రాత్రిళ్ళు మెలకువ వస్తుంది. లైటు మాత్రం వేయను. మణికట్టు పట్టుకుని పడుకుంటాను. కొన్నిసార్లు నిద్ర పడుతుంది, కొన్నిసార్లు పట్టదు.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ళమ్మగారు తుంటి విరిగి మంచంలో ఉన్నారు, పగటిపూట వచ్చి చూసుకోగలరా అని. ఊరికే కాదు, నెలకింతని ఇస్తారట. "మీకెలాగూ అలవాటే కదండీ" అంది. "సరే" గొంతు దాకా వచ్చేసింది. అదేం చిత్రమో, ఆ క్షణంలో తొడల వెనక లాగినట్టనిపించింది, ఆసనంలో కాలివేళ్ళ కోసం పెనుగులాడినప్పుడు లాగినట్టే. ఒక్క ఊపిరి వదిలేంత సేపు ఆగి, "రేపు చెప్తానండీ" అన్నాను. అటువైపు ఎవరూ నొచ్చుకోలేదు. "అలాగేనండీ" అని పెట్టేసింది. ఇంత సులువైన మాట ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదో!

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. మనిషి కింద దుప్పటి వేసి ఇద్దరు కలిసి ఎలా జరపాలో, మడమలు పరుపుకి తగలకుండా దిండు ఎక్కడ పెట్టాలో చూపించాను. రోజూ రావడం మాత్రం కుదరదన్నాను. ఆ అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నప్పుడు మనసు ఊగిందనే చెప్పాలి. అయినా మాట మార్చలేదు.

అలా మిగిలిన సమయంతో ఏం చేస్తున్నావని అడుగుతారేమో. స్కూటీ నేర్చుకుంటున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ వెనక సీటే నాది. ఒంటికాలి మీద వృక్షాసనంలో నిలబడగలుగుతున్నాను కదా, బ్యాలెన్స్ ఇట్టే వచ్చేస్తుందనుకున్నాను. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. బండి కదలగానే కాళ్ళు రెండూ నేల మీదికి వచ్చేస్తున్నాయి. మా ఆయన వెనకాల పరిగెత్తుతూ "కాళ్ళు పైన పెట్టు, కాళ్ళు పైన పెట్టు" అని ఒకటే అరుపు. తిన్నగా పోవడం వచ్చింది. కుడివైపు మలుపూ వచ్చింది. ఎడమవైపు తిరగాలంటే ఇంకా దిగి తోసుకుంటున్నాను.