నెల్లూరు స్టీరియో మిత్రుల మధ్య ఒక ఆదివారం

మొన్న ఆదివారం పొద్దున్నే ఒంగోలులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి నెల్లూరు వెళ్లాను. స్టీరియో ఫోటోలు, అంటే చూస్తే లోతు కనబడే జంట ఫోటోలు, తీసేవాళ్లు కొంతమంది అక్కడ నెలకోసారి రిటైరైన ఒక మాస్టారి మేడ మీద కలుస్తారని తెలిసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది.

మన రెండు కళ్ల మధ్య ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు, అందుకే ఒక్కో కంటికి కొంచెం తేడాగా కనిపిస్తుంది, ఆ తేడాలోంచే మెదడు లోతు పట్టుకుంటుంది. అలాగే రెండు బొమ్మలు తయారుచేసి ఏ కంటిది ఆ కంటికి చూపిస్తే సరి. వీట్‌స్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1838లోనే అద్దాలు పెట్టి ఇది చూపించాడు, అప్పటికి ఫోటోగ్రఫీ సంగతి లోకానికి ఇంకా ప్రకటించనేలేదు!

నాలుగేళ్లుగా నేనొక్కడినే తీసుకుంటున్నాను. ఒకటే కెమెరా, ఎడమ కాలి మీద బరువు వేసి ఒకటి, కుడి కాలి మీదకి ఒరిగి ఇంకోటి. ఇంట్లో చూపిస్తే ఒకే ఫోటో రెండుసార్లు ఎందుకు పెట్టావంటారు. వ్యూయర్‌లో (ఏ కంటి ఫోటో ఆ కంటికే చూపించే పరికరం) చూడటం అలవాటైన ఇంకో మనిషి నా ఫోటో చూడటం ఆ మేడ మీదే మొదటిసారి.

తొమ్మిది మంది వచ్చారు. వ్యూయర్ చేతులు మారుతూ ఉంటుంది, ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడరు, మిగతావాళ్లు ఆగుతారు. ఆ నిశ్శబ్దం నాకు భలే నచ్చింది.

నా చీమకుర్తి క్వారీ ఫోటో చూసి మాస్టారు, "అబ్బాయా, యాడ నిలబడి తీసినావు ఇది?" అన్నారు. గట్టు మీద నుంచే అన్నాను. అంత పెద్ద గొయ్యి తెర మీద వేసిన బొమ్మలా చప్పగా ఎందుకొచ్చిందో అప్పుడు చెప్పారు. ఫ్రేములో అన్నిటికన్నా దగ్గరున్నది ఎంత దూరమో చూసుకుని, అందులో ముప్పయ్యో వంతు పక్కకి జరగాలట. రాయి 90 మీటర్ల అవతల ఉంటే 3 మీటర్లు! కాలు మార్చితే వచ్చే నాలుగు వేళ్ల ఎడం అక్కడ ఏం సరిపోతుంది? అలా తీస్తే క్వారీ చిన్న బొమ్మలా కనిపిస్తుందని ఒకాయన ఒప్పుకోలేదు, నిజమే, కానీ రాయి మెట్లు మెట్లుగా దిగడం కనబడాలంటే నాకు వేరే దారి తోచడం లేదు.

గెలాక్సీ గ్రానైట్ పలక ఫోటో మాత్రం ఒక అక్క రెండుసార్లు అడిగి చూసింది. ఆ బంగారు చుక్కల్లో కొన్ని ఒక కంటికే తళుక్కుమంటాయి, రెండో కంటికి ఆరిపోయి ఉంటాయి, ఆ తగువులోంచే నిజమైన మెరుపు పుడుతుంది. మామూలు ఫోటోలో అది రాదు. "రాయి మెరస్తా ఉంది బాబూ" అంది. నాలుగేళ్లకి ఆ మాట చాలు నాకు.

మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం మళ్లీ రైలు. బయల్దేరేటప్పుడు మాస్టారు ఒక కిటుకు చెప్పారు: ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చో, పెన్నా వంతెన మీద వరసగా రెండుసార్లు నొక్కు, మొదటిది ఎడమ కంటికి, రెండోది కుడి కంటికి, నువ్వు జరగాల్సిన దూరం రైలే జరుగుతుంది. అలాగే చేశాను. రాత్రి ఇంటికొచ్చి వ్యూయర్‌లో పెట్టి చూస్తే నీళ్లు, ఇసుక తిన్నెలు, అవతల గట్టు మీద చెట్లు, దేని దూరంలో అది నిలబడి ఉంది.