గొర్రెల రైతులు ఓటేసి నడిపించే పరిశోధన

నేనుంటున్న హామిల్టన్ ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రానికి పడమటి కొసన ఉంటుంది. ఎటు చూసినా గొర్రెలే. ఇక్కడి ఊలు రైతులు మూడేళ్లకోసారి ఓటు వేసి, తాము అమ్మిన ఊలు సొమ్ములో ఎంత వంతు పరిశోధనకూ ప్రచారానికీ పక్కన పెట్టాలో తేల్చుకుంటారు. దీని పేరు ఊల్‌పోల్. అసలేమీ ఇవ్వమనడానికి కూడా వీలుంది. 2018లో అప్పటిదాకా ఇస్తున్న 2 శాతాన్ని 1.5కి తగ్గించేశారు. 2021లోనూ 2024లోనూ దాన్నే ఉంచారు. ఈ డబ్బు ఆస్ట్రేలియన్ ఊల్ ఇన్నోవేషన్ అనే సంస్థకు చేరుతుంది. దాని వాటాదారులూ ఊలు రైతులే. పరిశోధన మీద పెట్టే ఖర్చుకు ఒక పరిమితి దాకా ప్రభుత్వం కూడా సమానంగా డబ్బు కలుపుతుంది.

మా నాయిన నారాయణపేట జిల్లాలో మా ఊరి గొర్రెల పెంపకందారుల సహకార సంఘంలో డైరెక్టరు. ఫోన్‌లో ఈ సంగతి చెప్తే ఆయన శాతాల జోలికి పోలేదు. “పైసలు వాళ్లే ఇస్తరు, సరే. ఏం పరిశోధన జెయ్యాల్నో ఎవరు జెప్తరు బిడ్డా?” అని అడిగాడు. ఈ పోస్టు ఆ ప్రశ్నకోసమే రాస్తున్నా. గొర్రెల ఫారాలకు సలహాదారుగా పనిచేస్తూ నేను చూసినంతలో మొత్తం విషయానికి కీలకం ఆ ప్రశ్నే.

ఇక్కడ సన్నటి ఊలుకోసం పెంచే మెరినో జాతి గొర్రెల మీద ఒక పాత తగాదా ఉండేది. పొట్టేలును ఎంచేటప్పుడు దాని సంతానాన్ని ఏడాది, ఏడాదిన్నర వయసులో కొలుస్తారు. ఊలు ఎంత బరువుంది, పోగు ఎంత సన్నగా ఉంది, ఒళ్లు ఎంత పెరిగింది అని చూస్తారు. కానీ రైతు ఆడగొర్రెను ఐదారేళ్లు ఉంచుకుంటాడు. పడుచు వయసులో మేలుగా కనబడ్డది నాలుగో ఈతకు కూడా అలాగే ఉంటుందా? అంకెలు నమ్మేవాళ్లు ఉంటుందన్నారు. చేత్తో పట్టి, కంటితో చూసి మందను ఏరే అనుభవజ్ఞులు అంత నమ్మకం లేదన్నారు. ఇది ముందు పుట్టింది రైతుల మధ్యనే. పొట్టేళ్లను పోల్చి చూసే పెంపకందారుల సంఘం, ఆస్ట్రేలియన్ మెరినో సైర్ ఇవాల్యుయేషన్ అసోసియేషన్, దాన్నే పరిశోధన ప్రశ్నగా మార్చింది. ఊల్ ఇన్నోవేషన్ సంస్థతో కలిసి 2015లో మెరినో లైఫ్‌టైమ్ ప్రొడక్టివిటీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. అది పదేళ్ల పని. మా వైపు హారో దగ్గర బాల్మోరల్, పడమటి ఆస్ట్రేలియాలో పింగెల్లీ, న్యూ సౌత్ వేల్స్‌లో టెమోరా, ట్రాంగీ, ఆర్మిడేల్, ఇలా ఐదు చోట్ల నడిచింది. 134 పొట్టేళ్ల సంతానం, సుమారు 5,700 ఆడగొర్రెలు. ఆ పొట్టేళ్లను ఇచ్చింది పెంపకందారులు. ఒక్కో చోట పనిని నడిపించడానికి స్థానిక కమిటీలు ఉండేవి. అన్నిటికంటే ముఖ్యం, మామూలు మందలో చేసినట్టు బాగోలేనివాటిని మధ్యలో ఏరి అమ్మెయ్యలేదు. ఏరేస్తే జీవితకాలం లెక్క రాదు కదా. ఏటా అంకెలూ రాశారు, అనుభవజ్ఞులతో కంటిచూపు మార్కులూ వేయించారు. తగాదా పడ్డ రెండు పక్షాలకూ ఒకే పుస్తకంలో చోటు దొరికింది.

ఆ ప్రాజెక్టు మందలను రైతులకు చూపించే ఫీల్డ్ డేలు చూడాల్సినవి. ఒక పొట్టేలు బిడ్డలన్నీ ఒక దొడ్డిలో, ఇంకో పొట్టేలు బిడ్డలు పక్క దొడ్డిలో. కంచె మీద అంకెల కాగితం. రైతులు దొడ్డిలోకి దిగి, ఊలు పాయలు విడదీసి చూస్తూ, కాగితంలో ఉన్నదానితో వాదులాడతారు. శాస్త్రవేత్త అక్కడే నిలబడి జవాబు చెప్పాలి. ఆ వాదులాట నాకు చాలా ఇష్టం. పరిశోధనా పత్రం ఎప్పుడో వస్తుంది, అందులో అనుమానం ఉన్నవాడు మాత్రం అప్పటికే తన అనుమానం ఎదురుగా చెప్పేసి ఉంటాడు.

నా పని ఎక్కువగా చూలు గొర్రెల మేత మీద. లైఫ్‌టైమ్ ఊల్ అని 2000 తర్వాత ఒక పరిశోధన జరిగింది. చూలుతో ఉన్నప్పుడు తల్లి ఒళ్లు ఎలా ఉందన్నదాన్ని బట్టి పిల్ల బతకడమే కాదు, ఆ పిల్ల బతికినన్నాళ్లూ ఇచ్చే ఊలు కూడా మారుతుందని అందులో తేలింది. తల్లి చిక్కిపోతే పిల్లకు ఊలు తక్కువ, పోగు మందం. ఇది రైతుల పొలాల్లో కూడా పరీక్షించి చూసిన విషయం. తర్వాత దాని చుట్టూ చిన్న చిన్న రైతు బృందాలు కట్టారు. ఏడాదిలో ఆరుసార్లు ఒకరి ఫారానికి ఒకరు వెళ్లి, గొర్రెల నడుం మీద చెయ్యి వేసి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. చివరి పక్కటెముక వెనక వెన్నుపూసలు వేళ్లకు ఎంత గుచ్చుకుంటున్నాయి, పక్క ఎముకల కొసల మీద కండ ఎంత ఉంది, అంతే. ఈనేనాటికి మూడు దగ్గర ఉండాలి. కడుపులో కవలలు ఉన్నదానికి మార్కు ఇంకొంచెం ఎక్కువ ఉండాలి.

మొదటిసారి ఇది నేర్పుతున్నప్పుడు నాకు పెబ్బేరు సంత గుర్తొచ్చింది. అక్కడ బేరగాళ్లు చేసేది ఇదే. నడుం పట్టి చూసి మాంసం ఎంత పడుతుందో చెప్తారు. మా నాయిన చెయ్యి వేస్తే కాటా అక్కర్లేదని మా వాళ్లు అంటారు. చేతిలో ఉన్న ఆ తెలివి అమ్మకం రోజున మాత్రమే పనికొస్తోంది. చూలు గొర్రె మీద, ఈతకు ముందు, అదే చెయ్యి వేసి పుస్తకంలో రాసుకుంటే అది పరిశోధన. అందుకు విశ్వవిద్యాలయం ముందు రానక్కర్లేదు.

ఇక్కడి పద్ధతంతా మెచ్చుకోను. ఊల్‌పోల్‌లో మూడేళ్లలో కట్టిన ప్రతి 100 డాలర్లకు ఒక ఓటు. పెద్ద మంద ఉన్నవాడికి పెద్ద గొంతు. మా సహకార సంఘంలో ఇరవై గొర్రెలున్నా రెండొందలున్నా మనిషికి ఒకటే ఓటు. ఈ విషయంలో మనదే మంచి పద్ధతి అని ఇక్కడివాళ్లతో కూడా వాదిస్తాను. చిన్న మందవాడి ప్రశ్నలు వేరుగా ఉంటాయి, అవి ఓడిపోకూడదు.

అయితే మన దగ్గర ఆ ఓటుతో పరిశోధన గురించి మాట్లాడే చోటే లేదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలు, దేశంలోనే మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు, రెండో స్థానం. 2017లో తెలంగాణ ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకం మొదలైనప్పుడు ఊరూరా సంఘాల్లో సభ్యులు చేరారు. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 1.25 లక్షల రూపాయల యూనిట్‌లో సభ్యుడి వాటా 31,250 రూపాయలు. సంఘం అంటే పేర్ల జాబితా, టీకాల రోజు చాటింపు, నట్టల మందు పంపకం అన్నట్టే చాలా ఊళ్లలో మిగిలిపోయింది. బయటి రాష్ట్రాల నుంచి అన్ని గొర్రెలు ఒకేసారి మన మందల్లోకి వచ్చినప్పుడు ఏ జాతి ఏ నేలలో నిలిచింది, ఎన్ని ఈతలు ఈనింది, పిల్లలెన్ని బతికాయి అని సంఘాలే రాసిపెట్టి ఉంటే అంత పెద్ద ప్రయోగం ఇంకెక్కడా దొరికేది కాదు.

మన కాపరులు పరిశోధనకు ఏమీ ఇవ్వలేదనుకుంటే అది అన్యాయం. నీలినాలుక వ్యాధి టీకానే చూడండి. వానలు పడ్డాక తడి నేలలో, పేడలో పెరిగే, దోమల్లాంటి చిన్న కుట్టే పురుగుల వల్ల వచ్చే రోగం. దాని వైరస్‌లో రకాలు చాలా ఉన్నాయి, ఒక రకం టీకా ఇంకో రకానికి పెద్దగా పనిచెయ్యదు. మన దేశంలో తయారైన టీకాలో 1, 2, 10, 16, 23 అనే ఐదు రకాలున్నాయి. మన దగ్గర తిరుగుతున్న రకాలు ఏవో తెలియాలంటే జబ్బుపడ్డ మందల నుంచి రక్తం కావాలి. ఆ రక్తం ఇచ్చింది కాపరులు. మా మంద నుంచి కూడా ఒకసారి సీసాల్లో పట్టుకెళ్లారు. ఏం తేలిందో మాకు ఎవరూ చెప్పలేదు. మా నాయిన కోపం ఇప్పటికీ రోగం మీద కాదు, ఆ మౌనం మీద.

దగ్గర్లోనే వేరే దారి కూడా ఉంది. మహారాష్ట్రలో ఫల్టణ్ దగ్గరి నింబ్కర్ సంస్థ వాళ్లు సుందర్‌బన్స్‌లోని గారోల్ గొర్రెల్లో ఉన్న కవలల జన్యువును డెక్కనీ గొర్రెల్లోకి తెచ్చారు. ఆ పని తమ ఫారంలోనే ఆపకుండా ధన్‌గర్ కాపరుల మందల్లోకి తీసుకెళ్లి, అక్కడ ఎన్ని పిల్లలు పుట్టి ఎన్ని నిలుస్తున్నాయో చూశారు. మంద వెంట నడిచే తల్లికి ఇద్దరు పిల్లలకు సరిపడా పాలుంటాయా అన్నది కాపరి అడిగే ప్రశ్న. దానికి జవాబు మందలోనే దొరుకుతుంది.

పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు సంఘం మీటింగులో ఒక నోటుపుస్తకం పెట్టాం. చెవిపోగు నంబరు, ఈనిన తేదీ, ఒంటిదా కవలలా, మూడు నెలలకు పిల్ల ఉందా లేదా, ఈనే ముందు నడుం మార్కు. ఇంతకంటే గడులు వద్దని మా చిన్నాయన పట్టుబట్టాడు, సరైన మాటే. రాసే బాధ్యత బడికి పోయే పిల్లలున్న ఇళ్లు తీసుకున్నాయి. తర్వాత ఏం తెలుసుకోవాలని అడిగితే మూడు ప్రశ్నలొచ్చాయి. నెల్లూరు పొట్టేలు దాటించిన నల్ల గొర్రెల పిల్లలు ఎండాకాలం వలసలో ఎంత దూరం నడుస్తాయి? నట్టల మందు వానలకు ముందు మేలా, తర్వాతా? పొలాల్లో మంద కట్టినందుకు రైతు ఇచ్చే కూలి, ఆ ఎరువు విలువకు సరిపోతుందా? మూడోది నాకు తట్టనే తట్టలేదు, అడిగింది మా పెద్దమ్మ. ముందు దాని మీదే పని మొదలుపెడుతున్నాం. మట్టి పరీక్ష చేయించే వీలున్నవాళ్లు, ఇలాంటి పుస్తకం ఇప్పటికే రాస్తున్న సంఘాలవాళ్లు ఉంటే కింద ఒక మాట రాయండి. గడులు ఒకేలా పెట్టుకుంటే మన లెక్కలు కలుపుకోవచ్చు.